తప్పు బ్లేడుది కాదు



పైకప్పు రేకుల్ని మోసే పర్లిన్ల ఫొటోలు చూశాను. నడిమధ్యన కొలతకు సరిపోయిన సి-పర్లిన్ ఒక కొసన లోపలికి ముడుచుకుంది, రెండో కొసన విచ్చుకుంది. కోత బ్లేడు మొద్దుబారిందని మిల్లువాళ్లు చెప్తే నువ్వు నమ్మావు. నాకైతే నమ్మకం లేదు. కోతకు చాలా ముందే, రేకు రోలర్ల మధ్య నడిచేటప్పుడే ఆ కొసల్ని కదిలించిన బిగువు ఉక్కులోకి చేరింది.

లెక్క వేసి చూడు. ఫ్లాంజ్, అంటే పక్కన లేచే గోడ, 75 మిల్లీమీటర్లు అనుకుందాం. చదునుగా వచ్చిన రేకు 90 డిగ్రీలు లేచి నిలబడేసరికి దాని అంచు దాదాపు 118 మిల్లీమీటర్ల వంపు తిరుగుతుంది, అదీ ముందుకు నడుస్తూనే. ఈ పని 2 మీటర్లలో ముగిస్తే చదునుగానే ఉండే నడుం భాగం కన్నా అంచుకు సుమారు 3.5 మిల్లీమీటర్లు ఎక్కువ దారి. 250 మెగాపాస్కల్ బిగువు దాకా ఓర్చుకునే ఉక్కు అంత పొడవుకు 2.5 మిల్లీమీటర్లదాకా సాగి వెనక్కి రాగలదు. ఆపైన సాగింది సాగినట్టే ఉండిపోతుంది. అదే 3 మీటర్లలో తీరిగ్గా లేపితే సాగవలసింది 2.3, ఓర్చుకోగలిగింది 3.75. నిజమైన రోలర్ల లైన్లో సాగుడు ఇలా సమంగా పరుచుకోదు, ఒక్కో స్టాండ్ (రోలర్ల జత) ముందర గుమిగూడుతుంది. కాబట్టి ఇంకాస్త నిడివి, ఇంకో రెండు స్టాండ్లు ఉంటేనే మేలు. ఖర్చు తగ్గిద్దామని స్టాండ్లు తగ్గించడం నాకు ఏమాత్రం నచ్చని పని.

సాగిన అంచు పొడవుగా ఉండాలనుకుంటుంది, సాగని నడుం దాన్ని కదలనివ్వదు. తాడులాటలో రెండు జట్లూ సమంగా లాగుతుంటే తాడు నిలిచినట్టే, పర్లిన్ కూడా తిన్నగా కనిపిస్తుంది. ఈ దాగిన బిగువునే పుస్తకాల్లో అవశేష ప్రతిబలం అంటారు. కోసినచోట పట్టు తెగి కొసలు కదులుతాయి. అంచు మరీ సాగితే అలలు తేలతాయి, పర్లిన్ పొడవునా విల్లులా వంగుతుంది. కుడి ఎడమల రోలర్లు సరితూగకపోతే మెలి తిరుగుతుంది.

వంచడంలో అంతా నష్టమే అనుకోకు. మూలల దగ్గర ఉక్కు గట్టిపడుతుంది, ఆ బలాన్ని లెక్కలోకి తీసుకోనిచ్చే డిజైన్ నిబంధనలూ ఉన్నాయి. పేచీ అంతా పొడవునా సాగే అంచుతోనే.

కొసలను సుత్తితో కొట్టించి సరిచేయొద్దు, ఇది నా గట్టి మాట. సైట్లో ఒక పర్లిన్‌ను నడిమధ్యన హాక్సాతో మెల్లగా కోయించు. కొత్త కొసలు కూడా ఒకటి ముడుచుకుని, ఒకటి విచ్చుకుంటే బ్లేడు మాట వదిలెయ్. అప్పుడు మిల్లుకెళ్లి చదును రేకు నుంచి నిలువు గోడ దాకా ఎన్ని స్టాండ్లున్నాయో, ఒక్కోటి ఎన్ని డిగ్రీలు వంచుతోందో రాసుకో. చివరి స్టాండ్ తర్వాత తిన్నగా సరిచేసే రోలర్లు ఉన్నాయో లేవో అడుగు. లైన్లోంచి ముందుగా బయటికొచ్చే కొస మీద సుద్దతో గుర్తు పెట్టించి, ఏ కొస ఎటు కదిలిందో నాకు రాయి. రోలర్ల కోణాలు ఇద్దరం కలిసి చూద్దాం.

ఉంటాను.