నమ్మి అప్పగించిన దేహము

ప్రియ చదువరీ, నీ వీపుమీద ఏమున్నదో నీవు చూడలేవు. దానిని నూనె చేతితో తాకువారికి మాత్రము అది తెలియును. ఈ చిన్న సంగతిలో ఎంత భారమున్నదో నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

నేను మర్దన చేయుదానను. బాలింతలకు, పసిబిడ్డలకు, నడుము పట్టినవారికి నూనె రాచి జీవించుచున్నాను. చాల సంవత్సరముల క్రిందట ఒక సహోదరి మెడనొప్పితో నాయొద్దకు వచ్చెను. రవిక విప్పి బోర్ల పండుకొనగా ఆమె వీపుమీద కమిలిన గుర్తులు చూచితిని. నేను ఏమియు అడుగలేదు. ఆమె ఏమియు చెప్పలేదు. అయితే ఆ సాయంకాలము బోరింగు వద్ద, బిందె నిండులోగా, జాలిపడుచున్నట్లుగా ఆ మాట ఇద్దరితో చెప్పితిని. ఆదివారమునాటికి అది ఊరంతయు పాకెను. ఇంటిలో ఆమెకు మరల దెబ్బలు తగిలినవి.

క్షమాపణ వేడుటకు వెళ్లితిని. ఆమె గడపలోనే నిలిచి, "అక్కా, నిన్ను నమ్మాను గనుకనే రవిక విప్పాను" అనెను. అంతకంటె మరేమియు అనలేదు. మరి యెన్నడును నాయొద్దకు రాలేదు.

ఈ పనికి మచ్చ వచ్చుట క్రొత్త సంగతి కాదు. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రిక, మర్దన పేరు పెట్టుకొని ఇంగ్లాండులో జరుగుచున్న చెడునడతను బయటపెట్టెను. అప్పుడు రోజలిండ్ పాగెట్, లూసీ రాబిన్సన్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు నర్సులు, నిజాయితీగా పనిచేయువారికిని అపకీర్తి కలుగుచున్నదని తలంచి, అదే సంవత్సరము శిక్షణ పొందిన మర్దనకారిణులకు ఒక సంఘము స్థాపించిరి. వైద్యుని ఆదేశము లేనిదే మర్దన చేయరాదు. రోగులకు మందులు అమ్మరాదు. వైద్యపత్రికలలో తప్ప ప్రకటనలు వేయరాదు. పురుషులకు, వైద్యుడు ప్రత్యేకముగా కోరిననే తప్ప, ఒళ్లంతయు మర్దన చేయరాదు. ఇవి వారి నియమములు. ఆ సంఘమునకు 1920లో రాజశాసనము లభించెను. 1944 నుండి అది ఫిజియోథెరపీ సంఘముగా పేరు మార్చుకొనెను.

గమనించితివా? ఆ నియమములన్నియు మర్దన చేయువారి చేతినే కట్టినవి, పండుకొన్నవారిని కాదు. బోర్ల పండుకొన్నవారు ఏమి చూడగలరు? బలమంతయు మన చేతిలోనే యున్నది.

కాబట్టి ఇప్పుడు నేను అడిగి తాకుచున్నాను. తాకవలసిన చోటు తప్ప తక్కినదంతయు దుప్పటితో కప్పుచున్నాను. "చాలు" అన్నచో అక్కడనే ఆపుచున్నాను. నా నూనెను మందని చెప్పి అమ్మను. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క వెచ్చగా నుండి నొప్పి పెట్టిన యెడల, విశేషముగా బాలింతలకు, దానిని పిసుకను. లోపలి రక్తనాళములో గడ్డకట్టిన రక్తముండవచ్చును. మర్దనచేత అది కదలి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణమే పోవచ్చును. "ఇది నా పని కాదమ్మా, వెంటనే ఆసుపత్రికి వెళ్లు" అని పంపివేయుదును. ఆనాటి కూలి పోయినను పోనిమ్ము.

దెబ్బల గుర్తులు కనబడినచో వీధిలో నోరు మూసికొనుటతోనే నా బాధ్యత తీరదు. ఎవరును లేనప్పుడు, "ఇంటిలో భయముగా ఉందా, తల్లీ?" అని మెల్లగా అడుగుదును. స్త్రీల సహాయమునకు 181 అను ఫోను నంబరున్నదని చెప్పుదును. పెద్దలతో చెప్పవలెనా వద్దా అనునది ఆమె నిర్ణయము, నాది కాదు.

సమరయుడు త్రోవలో పడియున్నవాని గాయములకు నూనె పోసెను. తరువాత పూటకూళ్లవానితో ఏమి మాటలాడెను? అతనిని పరామర్శించుమని, ఖర్చు తాను తీర్చెదనని మాత్రమే. గాయముల కథను ఊరిలో చాటలేదు.

చదువరీ, నీవు మర్దన చేయువాడవు కాకపోవచ్చును. అయినను ఎవరో ఒకరు తమ గాయమును నీకు చూపియుందురు. ఆ మాట నేడు ఎక్కడ ఉన్నది? నీ హృదయములోనా, బోరింగు వద్దనా? రెండవ చోటనైతే, నేను చేసినట్లు ఆలస్యము చేయక, నేడే ఆ గడపకు వెళ్లుము.