కోడ్ 92

నా సబ్జెక్టు విద్యా ఆర్థికశాస్త్రం అంటే అందరికీ ఫీజులూ, బడ్జెట్లూ గుర్తొస్తాయి. జాతీయాదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పిన మాట దగ్గరే నేనూ మొదలుపెట్టాను. కానీ ఈ ముప్పై ఏళ్ళలో నన్ను ఎక్కువగా వేధించింది మరో అంకె, 92.

జాతీయ నమూనా సర్వేలో ఇంట్లో ప్రతి మనిషికీ చేసే పనిని బట్టి ఒక కోడ్ వేస్తారు. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళకి 92. దానికి తోడు కట్టెలు ఏరుకొచ్చి, ఇంట్లోవాళ్ళకి బట్టలు కూడా కుడితే 93. ఇద్దరూ శ్రామికుల లెక్కలోకి రారు.

ఇక చదువుకి విలువ కట్టడానికి 1974 నాటి జేకబ్ మిన్సర్ పుస్తకం తర్వాత మేమంతా వాడేది ఒకటే సమీకరణం. ఒక్కో ఏడాది చదువుకి జీతం ఎంత పెరిగింది? జీతమే లేని మనిషికి అందులో చోటు లేదు. మా అమ్మ ఎస్సెల్సీ. మా నలుగురికీ లెక్కలు చెప్పింది. పాల లెక్క నుంచి చెల్లి పెళ్ళి అప్పు దాకా ఇంటి ఖాతా అంతా తనే రాసింది. ఆమె చదువుకి ప్రతిఫలం సున్నా కూడా కాదు, సున్నా అయితే కనీసం పట్టికలో కనిపించేది! హెక్‌మన్ 1979లో ఒక సవరణ చూపించాడు నిజమే. కానీ అదీ జీతం గురించే అడుగుతుంది, చేసిన పని గురించి కాదు.

ఒక సెమినార్లో ఈ మాటే అంటే, అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన నవ్వి "ఇది స్త్రీవాదమమ్మా, ఎకనామిక్స్ కాదు" అన్నారు. మధ్యాహ్నం ఆయనకి ఇంటి నుంచి క్యారేజీ వచ్చింది.

కడప జిల్లాలో ఒక తల్లి కొడుకుని కాన్వెంటుకీ, కూతుర్ని సర్కారు బడికీ పంపుతోంది. "వాని చదువు మాకే తిరిగొస్చాది మేడం. దీనిది యాడికి పోతాదో!" అంది. చదువు పెట్టుబడి అని 1960లో షుల్జ్ చేసిన ప్రసంగం ఆమె వినలేదు, విన్నా కొత్తగా నేర్చుకునేదేం లేదు. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల తమ్ముడి చేత ఇంగ్లీషు హోంవర్కు చేయిస్తూనే ఉంది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలోనూ ప్రైవేటు బడుల్లో మగపిల్లలే ఎక్కువని తేలింది.

2019 కాలవినియోగ సర్వే వచ్చాక మా చేతికి నిమిషాలు దొరికాయి. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలకి రోజుకి 299 నిమిషాలు, పురుషులకి 97. ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూసేవాళ్ళకి అది వేరే లెక్క: స్త్రీలకి 134, పురుషులకి 76. అందులోంచి పిల్లలకి చదువు చెప్పే నిమిషాల్ని విడదీసే పనిలో ఉంది నా విద్యార్థిని. సర్వే రోజుని అరగంటల కింద కోస్తుంది. పొయ్యి మీద పప్పు కలుపుతూ ఎక్కం అప్పజెప్పించుకున్న అరగంటని ఏ ఖాతాలో వెయ్యాలన్న దగ్గర మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తోంది.