ప్రోగ్రాముతో పాటు ఉండేవి

పిల్లలూ! మీలో కొందరు బడిలోనే ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకొంటున్నారు. చాలా సంతోషం. అయితే ప్రోగ్రాము అంటే కంప్యూటరుకు చెప్పే ఆజ్ఞలు మాత్రమే కాదు. దానివెంట బొమ్మలు, శబ్దాలు, ప్రశ్నల పట్టికలు, వాడే విధానం చెప్పే కాగితం, ఇలా పెద్ద పరివారమే ఉంటుంది. ఈ పరివారాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది చిన్న సంగతిగా తోస్తుంది గాని, ఆట ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

మా మనవరాలు పైథాన్ భాషలో పక్షుల క్విజ్ తయారుచేసింది. ఇంట్లో చక్కగా నడిచింది. బడికి తీసుకుపోతే ఒక్క పక్షీ కనబడలేదు! బొమ్మలున్న చోటును అది తన తండ్రి పేరుగల ఫోల్డరుతో సహా పూర్తిగా వ్రాసింది. బడి కంప్యూటరులో ఆ ఫోల్డరు ఎక్కడిది? బొమ్మలను ఆట ఉన్న ఫోల్డరులోనే ఒక గదిలో పెట్టి, ఆట ఉన్న చోటినుంచి దారి చెప్పాలి. అలా చెప్పాక పక్షులన్నీ వచ్చాయి, పాలపిట్ట తప్ప. దాని ఫైలు పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరంతో మొదలైంది. ప్రోగ్రాములో చిన్న అక్షరం ఉంది. మామూలుగా విండోస్ ఆ తేడా పట్టించుకోదు. బడిలో ఉన్నది లినక్స్, అది పట్టించుకొంటుంది. పెద్ద బడీ చిన్న బడీ లేని తెలుగు అక్షరాలెంత సుఖమో చూశారా!

ఆ లినక్స్‌నే 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టాడు. నేడు దాని మూల ఫోల్డరు తెరిస్తే 'రీడ్‌మీ', అంటే 'నన్ను చదువు' అనే ఫైలు ఉంటుంది. వివరణలకు 'డాక్యుమెంటేషన్' అని వేరే ఫోల్డరు. ఏ షరతులమీద వాడుకోవచ్చో చెప్పడానికి 'కాపీయింగ్'. ఏ భాగం ఎవరి బాధ్యతో చెప్పడానికి 'మెయింటెయినర్స్'. హెడ్మాస్టరు బదిలీ అయినప్పుడు కొత్తవారికి రిజిస్టర్లు, తాళాలు, సామాను జాబితా అప్పగిస్తారు గదా, అలాంటిదే. నా మట్టుకు నాకు ఆజ్ఞలకంటె ముందు రీడ్‌మీ వ్రాయడమే మంచిదనిపిస్తుంది. ఇతరులు తీసిన ఫోటోలు వాడితే, వారి పేరూ అనుమతీ కూడా అక్కడే వ్రాయాలి.

2005లో టోర్వాల్డ్సే 'గిట్' అనే సాధనం చేశాడు. మనం అప్పగించిన ప్రతి మార్పునూ అది దాచి ఉంచుతుంది. అందుచేత ఒక జాగ్రత్త ఉంది. రహస్యపదం ఉన్న ఫైలును పొరపాటున దానికి అప్పగించి, మరునాడు చెరిపేసినా, పాత ప్రతి లోపల అలాగే ఉంటుంది. ఆ చరిత్రను చూడగలవారు దాన్నీ చదవగలరు. అప్పుడు రహస్యపదమే మార్చుకోవాలి. ముందుగానే 'గిట్‌ఇగ్నోర్' అనే ఫైలులో వీటిని చేర్చుకోవద్దని పేర్లు వ్రాసిపెడితే ఆ బెడద ఉండదు.

ఇంత జ్ఞాపకశక్తిగల గిట్‌కు ఒక వింత అలవాటుంది. ఖాళీ ఫోల్డరును అది గుర్తించనే గుర్తించదు! ఖాళీ గదిని కూడా ఉంచాలనుకొనేవారు అందులో ఏమీ లేని చిన్న ఫైలు ఒకటి పెట్టి, దానికి 'గిట్‌కీప్' అని పేరు పెడతారు.