ఏం కోసిందో చెప్పు

కాస్త నెగడు దగ్గరకి జరగండి. ధనుర్మాసం, పైగా మాది రోలుగుంట. కొండల మీంచి దిగే చలికి మొహమాటం ఉండదు. ఊరి పేరులోనే రోలుంది గదా, రోళ్ళు పోగెయ్యక ఈ కత్తుల పిచ్చేమిట్రా అని మా అప్ప ఇప్పటికీ దెప్పుతుంది. రోళ్ళని అటకెక్కించడం నా వల్లవుతుందా!

నావి రాజుల కత్తులు కావులెండి. అవి కావాలంటే హైదరాబాదు సాలార్జంగ్ మ్యూజియానికి వెళ్ళండి. నావన్నీ పనికత్తులు. 1959 ఆయుధాల చట్టం కూడా ఇంటిపనికీ సేద్యానికీ మాత్రమే చేసిన పరికరాలని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. హాయిగా నిద్రపోతున్నాను.

మొదటిది మా నాయనమ్మ కత్తిపీట. అరిగి అరిగి తదియ చంద్రుడంత మిగిలింది. కాలితో పీట తొక్కిపట్టి రెండు చేతులా వంకాయని ముందుకు తోసేది. ఏ కత్తయినా కాయ మీదికి వెళ్తుంది, ఇక్కడ మాత్రం కాయే కత్తి దగ్గరకి రావాలి. నాకు కత్తి కంటే ఆ పీట మీద ఆవిడ పాదం పడ్డ గుంటే ఇష్టం.

చెరకు కత్తి ఇచ్చినాయన "ఇందులో ఏటుంది బాబూ" అని నవ్వాడు. ఏం కోసిందో చెప్పమంటే మాత్రం గంట కూర్చున్నాడు. గడని నేలకి ఆనించి కొట్టాలట. తీపంతా మొదట్లోనే ఉంటుంది. మోడు ఎత్తుగా వదిలితే బెల్లం పొలంలో వదిలేసినట్టే, కార్శి తోటకి పిలకలూ సరిగ్గా రావు.

దాని ఉక్కు ఎక్కడిదనుకున్నారు? లారీ కమాను పట్టీ! ఒకప్పుడు నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు పారశీకం దాకా వెళ్ళేది. ఇప్పుడు పాత లారీలే మన గనులు. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసు. మళ్ళీ సన్నగా సెగ చూపిస్తాడు. అంచు మీద ఎండుగడ్డి రంగు పాకగానే ఆపాలి, నీలం దాకా పోతే పదును నిలవదు. ఆ రెండు రంగుల మధ్య వ్యవధి రెప్పపాటు. నేను చూస్తూ చూస్తూనే రెండుసార్లు ఆ క్షణాన్ని జారవిడిచాను.

కొండ మీంచి వచ్చిన పోడు కత్తి ఒకటుంది. బరువంతా కొసకి, తుప్పలు నరకడానికి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో అదే పని నేరమైపోయింది. ఆ కోపం రాజుకుని రాజుకుని, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మర్నాడు మన పక్కనున్న కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఎన్ని తుపాకులు పోయాయో, ఎన్ని తూటాలు పోయాయో లెక్కలు రాసుకున్నారు. వెంట నడిచిన వాళ్ళ మొలల్లో ఎన్ని కత్తులున్నాయో ఎవరు లెక్కపెట్టారు? నా దగ్గరున్నది వాటిలోదని చెప్పను. అలా చెప్పి అమ్మేవాళ్ళు వస్తారు, నమ్మకండి.

ఉండండి, లోపల్నించి కేక. పండక్కని గుమ్మడికాయ తెచ్చారు, తొలి వేటు మగాడే వెయ్యాలి గదా మా ఇళ్ళల్లో. ఇన్ని కత్తులున్నా మా ఆవిడ చేతికిచ్చేది ఎప్పుడూ అటక మీద లేని ఆ ఒక్కటే.