తేరు పాతదే, దారి కొత్తది



మన పల్లెల్లో "ఆర్.సి.ఎం. వాళ్ళ గుడి" అన్న మాట వినని వారు ఉండరు. ఊరికి ఒక పక్క మన మందిరము, మరొక పక్క వారి గుడి. మన పిల్లలు వారి స్కూళ్ళలో చదువుకున్నారు. మన అమ్మాయిలను వారి ఇళ్ళకు ఇచ్చాము, వారి అమ్మాయిలను మన ఇళ్ళకు తెచ్చుకున్నాము. అయినా ఆదివారము నాడు ఆ గుడి లోపల ఏమి జరుగుతుందో, తాతల నాటి నుండి ఈనాటికి అక్కడ ఏమి మారిందో, ఏమి మారలేదో మనలో చాలామందికి తెలియదు. అందుచేత మా సంఘములోని నాలుగు కుటుంబాల వారము కలిసి ఒక శని, ఆదివారములు గుంటూరు, విజయవాడ ప్రాంతములలోని కతోలిక సంఘములను చూచి వచ్చాము. చూచినది, విన్నది మీ ముందు పెడుతున్నాము.

ముందుగా నాలుగు మాటలు తెలుసుకుంటే మంచిది. మనము స్థానిక సంఘము అనే దానిని వారు "విచారణ" అంటారు. దానిని కాచే ఫాదర్‌గారు "విచారణ గురువులు". చాలా విచారణలు కలిస్తే ఒక "మేత్రాసనము", దాని మీద బిషప్పుగారు. మన బాప్తిస్మము వారి నోట "జ్ఞానస్నానము". రొట్టె, ద్రాక్షారసముల సంస్కారముతో కూడిన వారి ఆరాధన "దివ్యబలి పూజ". మాటలు వేరైనందువల్లనే మన మధ్య సగము దూరము పెరిగిందని మాకు అనిపించింది.

శనివారము ఉదయము గుంటూరు నుండి నరసరావుపేట రోడ్డు పట్టి ఫిరంగిపురం చేరుకున్నాము. కొండవీటి కొండలకు దగ్గరలోని ఈ ఊరిలో బాలయేసు దేవాలయము ఉన్నది. మిల్ హిల్ మిషనరీ థియోడోర్ డీక్‌మన్ గారి కాలములో, 19వ శతాబ్దము చివర ఇది లేచింది. ఊరి కొండ మీద కార్మెల్ మాత గుడి ఉన్నది. ప్రతి సంవత్సరము జూలైలో అక్కడ ఉత్సవము జరుగుతుంది.

గుడి కన్న ఈ ప్రాంతపు విశ్వాసము పాతది. 18వ శతాబ్దములో యేసు సభ గురువులు తమిళ దేశము మీదుగా తెలుగు నాటికి వచ్చి బోధించారు. ఆ గుర్తు ఇప్పటికీ మనుషుల పేర్లలో ఉన్నది. మనము పౌలు అంటే వారు చిన్నప్ప అంటారు. మనము పేతురు అంటే వారు రాయప్ప అంటారు. జోజి అంటే యోసేపు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్. చిన్నపరెడ్డి, ఇన్నారెడ్డి, బాలశౌరి అని ఊళ్ళో పిలుస్తుంటే ఇవి బయటి నుండి వచ్చిన పేర్లని ఎవరికీ తోచదు. 1773లో పోపుగారు యేసు సభను రద్దు చేసినప్పుడు ఆ సభ గురువుల పని ఆగిపోయింది. ఆ తరువాతి కష్టకాలములో ఈ కుటుంబాలు ఇంటి ప్రార్థనతో, జపమాలతో విశ్వాసమును కాపాడుకున్నాయి. ఆచారము అంటే తేలికగా తీసివేసే మనము ఈ సంగతి గమనించాలి. కాపరి లేని మందను ఒక్కొక్కసారి ఆచారమే కాచి ఉంచుతుంది.

ఆ సాయంత్రము ఆ దారిలోనే ఉన్న మరొక పల్లెకు వెళ్ళాము. మాలో ఒకరి వియ్యంకుల ఊరు అది. ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. చిన్నతనములో పీఠము దగ్గర ఫాదర్‌గారికి సహాయము చేసేవారట.

"పూజంతా లాటిన్‌లోనే బాబూ. ఫాదర్‌గారు అటు తిరిగి చదివేవారు, మేము ఇటు నుండి జవాబు చెప్పేవాళ్ళము. అర్థము తెలియదు. కాని ఒక్క అక్షరము పోయేది కాదు" అని నవ్వారు. ఫాదర్‌గారు లాటిన్‌లో చదువుతుంటే వెనుక కూర్చున్న ఆడవారు తెలుగులో జపమాల చెప్పుకునేవారట.

ఇది మారడానికి కారణము రెండవ వాటికన్ మహాసభ. 1962 నుండి 1965 వరకు లోకములోని కతోలిక బిషప్పులు రోములో సమావేశమయ్యారు. 1963 డిసెంబరు 4న ఆరాధనను గురించిన తీర్మానము వెలువడింది. దానితో ప్రజల భాషలో ఆరాధన జరపడానికి తలుపు తెరచుకున్నది. గురువు ప్రజల వైపు తిరిగారు. మామూలు విశ్వాసులు ముందుకు వచ్చి వాక్యము చదవసాగారు. 1969లో ఆదివారపు పఠనముల కొత్త పట్టిక వచ్చింది. మూడు సంవత్సరములలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు వరుసగా వినిపించి, యోహానును మధ్య మధ్య చేర్చే ఏర్పాటు అది. ఆ పట్టికను ఆధారము చేసుకొని తయారైన పట్టికను 1992 నుండి ఎన్నో ప్రొటెస్టంటు సంఘాలు కూడా వాడుతున్నాయి. కనుక అక్కడ మారినది ఇక్కడ కూడా మేలు చేసింది.

"మరి మీకు ఏది బాగుంది, అప్పటిదా ఇప్పటిదా?" అని పెద్దాయనను అడిగాము. కొంచెము సేపు ఆలోచించారు. "ఇప్పుడు అర్థమవుతుంది, అది మేలే. కాని అప్పుడు గుడిలో అడుగు పెడితే నోరు దానంతటదే మూతపడేది. ఇప్పుడు పూజ ముగియకముందే ఫోను మోగుతుంది" అన్నారు. దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ పెద్దాయన వంటి వారు లోకమంతటా ఉన్నారు. పాత లాటిన్ పూజకు 2007లో పోప్ బెనెడిక్టు గారు ఎక్కువ వీలు కల్పిస్తే, 2021లో పోప్ ఫ్రాన్సిస్ గారు దానిని మళ్ళీ కట్టడి చేశారు. మన దేశములో వాదన మరొక తీరుగా నడిచింది. 1967లో బెంగళూరులో ఫాదర్ అమలోర్‌పవదాస్ గారి నాయకత్వములో బైబిలు, బోధన, ఆరాధనల కేంద్రము మొదలైంది. 1969లో భారతీయ పద్ధతులు పన్నెండింటికి రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు విడవడము, నేల మీద కూర్చోవడము, చేతులు జోడించి నమస్కరించడము, నూనె దీపము, హారతి అందులోనివే. ఇవి మన మతమువి కావని కొందరు కతోలికులే అడ్డము చెప్పారు. ఇవి పై కులాల వారి సంస్కృతి, మా డప్పుకు, మా పాటకు చోటెక్కడ అని దళిత విశ్వాసులు అడిగారు. మన పల్లెల్లోనైతే చెప్పులు వాకిట విడిచి చాప మీద కూర్చోవడము ఎవరూ నేర్పకుండానే ఉన్నది.

ఆదివారము ఉదయము ఆ ఊరి పూజకు వెళ్ళాము. ఫాదర్‌గారు అప్పటికే మరొక ఊరిలో పూజ ముగించుకొని మోటారు సైకిలు మీద వచ్చారు. ఆయన రాలేని ఆదివారాలలో ఉపదేశిగారు ప్రార్థన నడిపిస్తారు. ఒక ఆడపిల్ల పాత నిబంధన పాఠము చదివింది. పీఠము దగ్గర సేవకు నిలిచిన వారిలో కూడా ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. దీనికి 1994లో రోము వీలు ఇచ్చింది. యువకులు కీబోర్డు వాయిస్తే, ముసలమ్మలు తాళము లేకుండానే పాత పాట ఎత్తుకున్నారు. ఇద్దరికీ చోటు దొరికింది. సత్ప్రసాదము వేళ అందరూ వరుసగా ముందుకు వెళ్ళారు. వారి నియమము ప్రకారము మేము కూర్చున్న చోటనే ఉండిపోయాము. ఒకే ప్రభువును పిలిచే వారము ఒకే బల్ల దగ్గరకు చేరలేకపోవడము ఎంత బాధో, ఆ రెండు నిమిషాలలో తెలిసింది.

పూజ అయ్యాక ఆ ఇంటి కోడలు మాకు తేరు సంగతి చెప్పింది. పండుగనాడు స్వరూపమును పూలతో అలంకరించిన తేరు మీద పెట్టి ఊరేగించడము వారి ఆచారము. ఎన్నో ఏళ్ళుగా ఆ తేరు పెద్దబజారు దాకా వెళ్ళి అక్కడే వెనక్కు తిరిగేది. దళితవాడలోని కతోలికులు ఆ మలుపు దగ్గరకే వచ్చి నిలబడాలి. చందా అందరి దగ్గరా తీసుకునేవారు. ఒక సంవత్సరము వాడలోని యువకులు, "మా చందా వాడలోకి వస్తుంది గాని మా తేరు రాదా?" అని అడిగారు. విచారణ పెద్దల సభలో గొడవయింది. కొందరు "అసలు తేరే మానివేద్దాము" అన్నారు. "తాతల నాటి దారి మార్చకూడదు" అని మరికొందరు. అప్పుడున్న ఫాదర్‌గారు ఇంటింటికీ తిరిగి మాట్లాడారు. చివరకు తేరు ఉండాలి, దారి మారాలి అని తేల్చారు. మొదటి రెండేళ్ళు కొన్ని పెద్ద ఇళ్ళ వారు తేరుకు భుజము పట్టలేదు. మూడవ ఏడు వచ్చారు.

"మా మామయ్యగారు కూడా మొదట పట్టలేదండి" అని ఆమె మెల్లగా అన్నది. "పవిత్ర గురువారము ఫాదర్‌గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు కదా, ఆ ఏడు వాడలోని ఒక పెద్దమ్మ కాళ్ళు కడిగారు. అది చూచి ఇంటికి వచ్చి అన్నము తినలేదు. పండుగకు తానే వెళ్ళి భుజము పెట్టారు." ఆ కాళ్ళు కడిగే ఆచారములో స్త్రీలను కూడా చేర్చవచ్చునని పోప్ ఫ్రాన్సిస్ గారు 2016 జనవరిలో ఆజ్ఞ ఇచ్చారు. రోములో వ్రాసిన ఒక కాగితము ఒక పల్లెలోని మనిషి భుజము దాకా వచ్చిందంటే మాకు ఆశ్చర్యము వేసింది.

అన్ని ఊళ్ళలో ఇలా జరగలేదు. కుల వివక్షకు క్రైస్తవ్యములో చోటు లేదని భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 1982లోనే చెప్పింది. 2016 డిసెంబరులో వెలువరించిన దళిత విధాన పత్రములో తమ సభలోనే ఆ వివక్ష ఇంకా ఉన్నదని ఒప్పుకున్నది. మరొక పక్క, 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాదు అగ్రపీఠమునకు వచ్చి, దేశములో మొదటి దళిత ఆర్చిబిషప్పు అయ్యారు. 2022 ఆగస్టు 27న కర్నూలు సీమకు చెందిన పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోను, దళితులలోను ఆ స్థానము పొందిన మొదటివారు ఆయనే. పై మెట్టు మీద తలుపు తెరచుకున్నా, ఊరి సమాధుల తోటలో గోడ అలాగే ఉండవచ్చును. లాటిన్ నుండి తెలుగుకు రావడానికి కొద్ది ఏళ్ళు చాలాయి. పెద్దబజారు నుండి దళితవాడకు రావడానికి తరాలు పట్టింది.

ఆ మధ్యాహ్నము విజయవాడ దగ్గర గుణదల కొండకు వెళ్ళాము. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు అక్కడ మరియమ్మ స్వరూపమును నిలిపారు. ఫిబ్రవరిలో లూర్దు మాత పండుగకు లక్షల మంది వస్తారు. వారిలో హిందువులు ఎందరో. కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మాలో కొందరికి ఇది కష్టముగా తోచింది. ఆరాధన దేవునికి మాత్రమే, మరియమ్మకు ఇచ్చేది గౌరవము, ప్రార్థన సహాయము అడగడము అని వారి బోధ. ఇందులో మనకు వారికి ఉన్న భేదము చిన్నది కాదు, దానిని దాచవలసిన పని లేదు. అయినా అక్కడ ఒక మఠకన్య చెప్పిన మాట మాకు గుర్తుండిపోయింది. మొక్కు తెచ్చే వారిని తరిమితే వాక్యము వినేవారు ఉండరు, మొక్కుతోనే పంపివేస్తే వాక్యము చెప్పనట్లే, కనుక కొండ దిగేలోపు ఒక్క మాటైనా వినిపించాలని తమ ప్రయాస అని ఆమె అన్నది.

తిరుగు దారిలో మా మధ్య మాటలన్నీ మన సంగతి మీదికే వచ్చాయి. మనకు తేరు లేదు, స్వరూపము లేదు. కాని ఆచారము లేదని ఎవరు అనగలరు? మగవారు ఒక వైపు, ఆడవారు ఒక వైపు కూర్చోవడము ఎవరు పెట్టారు? పాత కీర్తనలు పాడాలా, కొత్త పాటలు పాడాలా అని ఎన్ని సంఘాలు చీలలేదు? ముందు బెంచీ ఎవరిదో, సమాధుల తోటలో ఏ మూల ఎవరిదో మన ఊళ్ళలో అడిగి తెలుసుకోవలసిన పని లేదు.

మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు పెద్దల పారంపర్యాచారమును గురించి మాట్లాడినప్పుడు, తల్లిదండ్రులను ఆదరించకుండా చేసే ఆచారమును ఖండించాడు. అదే ప్రభువు పస్కా పండుగను ఆచరించాడు. కొరింథు సంఘములో కలిగినవారు ముందే తిని, లేనివారిని ఆకలితో ఉంచినప్పుడు, పౌలు ఆ బల్లనే తీసివేయమని వ్రాయలేదు. ఒకరి కొరకు ఒకరు కనిపెట్టి కలిసి తినమని వ్రాశాడు. ఆ పల్లె వారు తేరు విషయములో చేసినది ఇదే. పాతదాని వలన మేలు ఉంటే ఉంచారు. ఎవరిని అది వెలుపల నిలబెడుతున్నదో చూచి దారి మార్చారు. కొత్తదానికి కూడా ఇదే పరీక్ష. కీబోర్డు వచ్చి ముసలమ్మ నోరు మూయిస్తే అది కూడా ఒక గోడే.

కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఇంట్లో అందరికన్న పెద్దవారిని, అందరికన్న చిన్నవారిని ఒక ప్రశ్న అడగండి: మన సంఘములో ఏది పోకూడదు? ఏది మారాలి? ఇద్దరి జవాబులు ఓపికగా వినండి. తరువాత మూడవ ప్రశ్న మీ ఇంటి నుండి కాక, మీ మందిరములో చివరి వరుసలో కూర్చునే కుటుంబము దగ్గరకు వెళ్ళి అడగండి: మన ఊరేగింపు ఏ మలుపు దగ్గర వెనక్కు తిరుగుతున్నది? వారు చెప్పిన చోటనే మన పని ఉన్నది.