ఫారంలో లేని ప్రశ్న

రొమ్ములో గడ్డ తగిలిందని ఆసుపత్రికి వెళ్లాను. అక్కడిచ్చిన ఫారంలో ప్రశ్నలు: మొదటి నెలసరి ఏ వయసులో? పిల్లలెందరు? తొలి కాన్పు ఎప్పుడు? పాలు ఎన్నాళ్లిచ్చారు? మొదటిదానికి ‘12’ అని రాసి మిగతావాటికి గీతలు పెట్టాను.

“పీహెచ్‌డీ అంటూ పెళ్లి మానేస్తే ఇంతే మరి!” అంది తోడొచ్చిన పెద్దమ్మ.

ఆ ప్రశ్నలకు ఆధారం లేకపోలేదు. క్రైస్తవ సన్యాసినుల్లో ఈ జబ్బు ఎక్కువని ఇటలీ వైద్యుడు రమజ్జీని మూడు శతాబ్దాల కిందటే రాశాడు. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి చూసిన 2002 నాటి పరిశోధనలో ఒక్కో కాన్పుకి 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి 4.3 శాతం చొప్పున ముప్పు తగ్గినట్టు తేలింది. కానీ కాన్పయ్యాక కొన్నేళ్లపాటు ముప్పు కాస్త పెరుగుతుందని చెప్పిందీ శాస్త్రమే. ఆ మాట మనింట్లో ఎవరూ ఎత్తరు.

నలుగురిని కని, పాలిచ్చి పెంచిన అమ్మమ్మ ఈ జబ్బుతోనే పోయింది. గడ్డ సంగతి సిగ్గుపడి ఏడాదిపాటు దాచుకుంది. ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేకపోయావు?’ అన్న ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు.

నాది ప్రమాదం లేని గడ్డేనన్నారు. ఆ మాట వినగానే పెద్దమ్మ ఏడ్చేసింది. తర్వాత మెల్లగా, “నేనూ ఓసారి చూపించుకోనా?” అంది.