మట్టి లేని టమాటా కుండీలో ఏం నింపాలి?

మేడ మీద టమాటా వేసేవాళ్లంతా ఇప్పుడు కొబ్బరి పొట్టు మీదే పడ్డారు. మంచిదే. కోనసీమలో పీచు తీశాక గుట్టలుగా మిగిలేది ఈ పొట్టే. నీళ్లు పట్టి ఉంచుతుంది, వేళ్లకు గాలీ ఆడుతుంది, మట్టి నుంచి వచ్చే ఎండు తెగులు బెడదా తగ్గుతుంది. కాకపోతే ఇటుకలా నొక్కిన పొట్టు కొనేముందు "కడిగిందేనా?" అని అడగండి. కడగని పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువ. పైగా అది మొక్కకు అందాల్సిన కాల్షియాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. కాయ అడుగు నల్లబడి తోలులా తయారవుతుంది చూడండి, అందులో దీని చెయ్యి కూడా ఉండొచ్చు (ఓ రోజు ముంచెత్తి, ఓ రోజు ఎండగట్టే మన నీళ్ల పద్ధతి సంగతి వేరే చెప్పాలా!). కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి కడిగేస్తే చాలావరకు దారికొస్తుంది. అది రసాయనం కదా అంటారా? అవును, రసాయనమే. నాకైతే అభ్యంతరం లేదు.

పచ్చి ఊక మాత్రం కలపకండి. కుళ్లేటప్పుడు నత్రజనిని అదే తినేస్తుంది. నల్లగా మాడ్చిన ఊక నయం.

నా లెక్క: మూడు పాళ్లు పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు, పైన కాస్త నల్ల ఊక. వర్మీకంపోస్టు అంతకు మించితే కుండీలో నీరు దిగదు.